ఊటలేని చోట వెలిసిన పట్నం

సిరియా ఎడారిలో పాల్మైరా నగరం ఎఫ్కా ఊటను ఆనుకుని పుట్టింది. ఒంటెల బిడారులు నీళ్ల కోసం ఆగాయి, ఆగిన చోట బజారు పెరిగింది. మరి వర్తకుల బాట ఉండి, అలాంటి ఊట లేని నేల సంగతేమిటి? సిద్దిపేట వాళ్లకు ఆ జవాబు దూరమేం కాదు. రాజీవ్ రహదారి పట్టుకుని కరీంనగర్ దాటి పెద్దపల్లి వైపు వెళితే పెద్దబొంకూరు వస్తుంది.

1960ల చివర మొదలై 1970ల్లోకి సాగిన తవ్వకాల్లో రాష్ట్ర పురావస్తు శాఖ, వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో, ఇక్కడ శాతవాహనుల నాటి పట్నాన్ని బయటపెట్టింది. మూడు ఇటుక ప్రహరీలు, కమ్మరి కొలిమి, ఇనుప పనిముట్లు, కుప్పలుగా నాణేలు దొరికాయి. రోము చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల నాణేలు కూడా ఉండటంతో అందరి కళ్లూ వాటి మీదే పడ్డాయి. నన్నడిగితే అసలు విశేషం బావులే. ఆ ఒక్క చోటే 22 తేలాయి. దగ్గర్లో హుస్సేన్ మియా వాగు ఉన్నా అన్ని బావులు తవ్వారంటే, వాగు ఒక్కదాన్నే నమ్ముకోలేదన్నమాట.

కొన్నిటికి ఇటుక కట్టు ఉంది, కొన్నిటికి కాల్చిన మట్టి ఒరలు. ఒర పని చూడటానికి తేలికే కానీ కుమ్మరికి పరీక్ష. మనిషి దిగేంత వెడల్పు వలయాన్ని సారె మీద తిప్పలేరు, చేత్తో పొరమీద పొర పేర్చాలి. ఆవంలో వంకర పోతే పై ఒర దాని మీద కూర్చోదు. సరిగ్గా కాలిన ఒరలను గుంతలో ఒకదానిపై ఒకటి దించితే వదులు మన్ను విరిగిపడదు, అతుకుల సందుల్లోంచి నీరు ఊరుతుంది.

బావికి కట్టు కట్టడం అంతకుముందే ఉంది. మొహెంజోదారోలో ఇటుక బావులు దాదాపు 700 ఉండేవని అంచనా. మట్టి ఒరలు మాత్రం ఆ తర్వాత చాలా కాలానికి, గంగా మైదానంలో పట్నాలు లేచే రోజుల్లో, విరివిగా కనిపిస్తాయి. హస్తినాపురం, ఉజ్జయిని, తమిళనాట కీళడి, ఎక్కడ జనం గుమికూడారో అక్కడల్లా ఇవి తేలాయి.

పెద్దబొంకూరుకు జనం ఎందుకొచ్చారో ఊహించడానికి క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ కొంత సాయపడుతుంది. భరుకచ్ఛం (నేటి భరూచ్) రేవు నుంచి దక్షిణంగా 20 రోజుల ప్రయాణంలో పైఠాన్, అక్కడి నుంచి తూర్పుగా 10 రోజుల్లో తగర, అంటే నేటి మహారాష్ట్రలోని తేర్. సరైన బాట లేని దేశం మీదుగా బండ్ల మీద నూలు బట్టలు రేవుకు చేరేవని అందులో ఉంది. తగరకు ఇంకా తూర్పున ఉన్నది మన తెలంగాణ పీఠభూమి. బండి కట్టిన ఎద్దుకు రోజూ నీళ్లు పట్టాల్సిందే. దిగిన మజిలీలో బావి లేకపోతే సరుకు ముందుకు కదలదు.

దొరికిన ప్రతి ఒరల గొట్టమూ మంచినీళ్ల బావి అనుకోకూడదు. పాత పట్నాల్లో కొన్ని నీటిమట్టం దాకా పోవు, లోపల పెంకులు నింపి ఉంటాయి. అవి మురుగు ఇంకే గుంతలు. ఈ కాలంలో సిమెంటు ఒరలు ఎక్కువగా కొనేది ఆ పనికే, ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకుకు. తాగునీళ్ల సంగతి బోర్లు, పైపులు చూసుకుంటున్నాయి. సిద్దిపేట చుట్టూ రంగనాయక సాగర్, 50 టీఎంసీల మల్లన్న సాగర్ జలాశయాలు వెలిశాయి.

వెళ్లదలిస్తే ముందు కరీంనగర్ మ్యూజియంలో ఆగండి. పెద్దబొంకూరు, ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాల్లో దొరికిన వస్తువులు అక్కడ ఉన్నాయి. నాణేల గాజుపెట్టె దగ్గరే నిలబడిపోకుండా మట్టి సామాన్ల వైపూ నడవండి.