ఇంకాల మెట్లకు బలమిచ్చిన పెంట

పెరూ పర్వతాల గురించి రాసేవారు ముందుగా ఎత్తుకునేది రాతి మెట్ల పొలాలనే. కొండవాలును చదును చేసి, గోడలు కట్టి, కాలువలు తవ్వి ఇంకాలు మొక్కజొన్న పండించిన తీరు చూసి ముచ్చటపడని యాత్రికుడు ఉండడు. ఆ మెచ్చుకోలు తప్పని అనను. కానీ గోడ మట్టిని ఆపుతుందే తప్ప దానికి బలం ఇవ్వదు. మూడు వేల మీటర్లు దాటిన ఎత్తులో చలికి మట్టిలోని సూక్ష్మజీవులు మందగిస్తాయి. రాలిన ఆకు, ఎండిన గడ్డి, చచ్చిన వేరు కుళ్లి ఎరువు కావడానికి ఏళ్లు పడుతుంది. నేలలో నత్రజని ఉన్నా అందులో ఎక్కువ భాగం పైరుకు అందే రూపంలో ఉండదు. మొక్కజొన్న చూస్తే ఎంత పెట్టినా ఇంకా కావాలనే పంట. ప్రతి కోతా పట్టుకుపోయే సారాన్ని ఎవరు, ఎక్కడి నుంచి తెచ్చి పూడ్చారు? ఆండీస్ సేద్యం చరిత్రలో అసలు ప్రశ్న ఇది. దీని జవాబు గోడల్లో కన్నా లామా మందల్లోనే ఎక్కువగా దొరుకుతుందని నా వాదన.

కుస్కో ప్రాంతంలో, ఒయాంతాయ్‌తాంబో ఊరికి ఎగువన, సుమారు 3,350 మీటర్ల ఎత్తులో మార్కాకోచా అనే చిన్న మడుగు ఉండేది. ఇప్పుడది పూడిపోయింది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదలో నాలుగు వేల ఏళ్ల లెక్క ఉంది. అలెక్స్ చెప్‌స్టో-లస్టీ, ఆయన సహచరులు ఆ బురదను గొట్టంతో నిలువుగా తీసి, పొర పొరా పరీక్షించారు. సుమారు 2,700 ఏళ్ల నాటి పొరలో మొక్కజొన్న పుప్పొడి కనిపించింది. అదే కాలంలో ఒరిబాటిడ్ అనే ఒక రకం నల్లి సంఖ్య కూడా పెరిగింది. ఇది పైరును పీల్చే ఎర్రనల్లి కాదు. మిల్లీమీటరుకు లోపే ఉండే ఈ జీవి కుళ్లిన ఆకులను, పెంటను ఆశ్రయించి బతుకుతుంది. గట్టి పెంకు వల్ల దాని కళేబరం బురదలో వేల ఏళ్లు చెడకుండా ఉంటుంది. ఆ మడుగు పక్కనే పాత వర్తక బాట. సరుకు మోసే లామాలు అక్కడి పచ్చికలో ఆగి మేసేవి. మంద పెరిగితే పెంట, పెంట పెరిగితే నల్లి, వాన కురిస్తే ఆ నల్లి కొట్టుకొచ్చి మడుగులోకి చేరేది. ఇంకాల కాలంలో వీటి సంఖ్య బాగా పెరిగింది. స్పెయిన్ వాళ్లు వచ్చాక పడిపోయింది.

పచ్చికలో పెంట పడితే అది పొలానికి చేరిందని ఎలా నమ్మాలని అడగవచ్చు. అడగవలసిందే. పుప్పొడి, నల్లి కలిసి పెరగడం సూచన అవుతుంది కానీ రుజువు కాదు. అందుకే పొలం మట్టినే అడగాలి. కోల్కా లోయలోని కోపోరాకే దగ్గర జోనాథన్ సాండర్ బృందం మెట్ల పొలాల మట్టిని, ఆ పక్కనే ఎన్నడూ దున్నని నేల మట్టిని పోల్చింది. పదిహేను వందల ఏళ్లకు పైగా సాగైన పొలాల్లో పైమట్టి మందంగా ఉంది. సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం మూడూ దున్నని నేలలో కన్నా ఎక్కువే ఉన్నాయి. సాగు చేసే కొద్దీ నేల సన్నగిల్లడం మామూలు. ఇక్కడ బలపడిందంటే ఎవరో బయటి నుంచి తెచ్చి పోస్తూ ఉన్నారన్నమాట.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఇంకాల కాలంలో మార్కాకోచా చుట్టూ ఆల్డర్ చెట్లు పెరిగాయని అదే బురద చెబుతోంది. ఆ చెట్ల వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. తార్వి అనే పప్పుజాతి పంటా ఆ పనే చేస్తుంది. మంచుకొండల నీళ్లు ఖనిజాలను మోసుకొచ్చి మెట్లకు పారిస్తాయి. మరి పెంటతో పనేముంది? ఈ మూడింటి మేలునూ ఒప్పుకుంటాను. కానీ చెట్టూ పప్పుమొక్కా గాలి నుంచి తెచ్చేది నత్రజనినే. భాస్వరం గాలిలో లేదు. రాతి నుంచి నీళ్లలోకి వచ్చే భాస్వరం స్వల్పం, అందులోనూ చాలా భాగాన్ని దారిలోని మట్టే పట్టేసుకుంటుంది. నాలుగు వేల మీటర్ల పైన ఉన్న పూనా పచ్చిక బయళ్లలో మొక్కజొన్న పండదు. కానీ అక్కడి ప్రతి గడ్డిపోచలోనూ కాస్త భాస్వరం, కాస్త నత్రజని ఉంటాయి. మైళ్ల కొద్దీ చెదిరి ఉన్న ఆ కాస్తను ఏరి తెచ్చేది లామా. పైగా లామాలు కనబడ్డ చోటల్లా పెంటికలు వేయవు, మందంతా ఒకే చోట వేస్తుంది. ఎత్తుకోవడం సులువు. పొలంలో గొర్రెల మంద కట్టించి, కాపరికి గింజలు కొలిచిన మన రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

రాతపూర్వక సాక్ష్యమూ ఉంది. 1539లో కుస్కోలో పుట్టి, 1609లో ఇంకాల చరిత్ర అచ్చువేయించిన గార్సిలాసో దె లా వేగా ఎరువుల సంగతి వివరంగా రాశాడు. కుస్కో లోయలో మనుషుల మలాన్ని ఎండబెట్టి, పొడి చేసి మొక్కజొన్నకు వేసేవారు. మొక్కజొన్న పండని చలి ప్రాంతం కొయావోలో బంగాళాదుంపకు లామా పెంట. సముద్రతీరంలో పక్షుల రెట్ట. ఆ పక్షులు గుడ్లు పెట్టి పొదిగే రోజుల్లో దీవుల మీద కాలు పెడితే మరణశిక్ష అని కూడా ఆయనే రాశాడు. ఇంకా వంశపు తల్లికి పుట్టినవాడు కనుక ఆ పాలనను గొప్ప చేసి చెప్పాడన్న విమర్శలో నిజం లేకపోలేదు. కానీ రాజుల ఔదార్యం గురించి అతిశయోక్తి చెప్పేవాడికి మలాన్ని ఎండబెట్టే పద్ధతి గురించి కల్పించాల్సిన అవసరం ఏముంటుంది? ఆ వివరాన్ని నేను నమ్ముతాను. పెంటంతా పొలానికే పోలేదన్నదీ నిజమే. చెట్లు లేని ఎత్తుల్లో వంటచెరకు అదే. పందొమ్మిదో శతాబ్దంలో టిటికాకా సరస్సుపై తిరిగిన యావరి అనే ఆవిరి ఓడ సైతం ఎండిన లామా పెంటతో నడిచింది. పొయ్యికీ పొలానికీ మధ్య ఇంత పోటీ ఉందంటే, అది పారేసే వస్తువు కాదని తెలుస్తూనే ఉంది.

1532లో స్పెయిన్ వాళ్లు అడుగుపెట్టాక పచ్చిక నుంచి పొలానికి సాగిన ఈ ఎరువు రవాణా చాలా చోట్ల తెగిపోయింది. కొత్త రోగాలకు మనుషులు పోయారు. 1540లలో లామాలకు సోకిన గజ్జి మందలను ఊడ్చేసింది. 1570లలో వైస్రాయ్ టొలేడో కొండ మీది పల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని పెద్ద ఊళ్లకు చేర్చాడు. పైన మేపేవాడికీ కింద దున్నేవాడికీ మధ్య దూరం పెరిగింది. కోల్కాలో సగానికి పైగా మెట్లు బీళ్లయ్యాయి. ఇవి బీడుపడడానికి నీటి కొరతను, పనిచేసే చేతుల కొరతను కారణాలుగా చెబుతారు. అవి నిజమైన కారణాలే. వాటి పక్కన మంద నష్టాన్ని కూడా రాసుకోవాలని నేనంటాను. ఎందుకంటే బీడుపడని మెట్లలో రైతులు ఎరువు ఆపలేదు. లామా తగ్గిన చోట గొర్రె, ఆవు వచ్చాయి. మార్కాకోచా పై పొరల్లో నల్లి మళ్లీ పెరిగింది ఆ పశువుల వల్లే. సాండర్ మట్టిని తీసిన పొలాలు అలా ఎరువు అందుతూ, సాగు మానకుండా వచ్చినవే.