సంచి తీసిన తరువాత: మేము అడగని ప్రశ్న

భవానీపురంలో మా వీధి పెద్దాయనకు పురీషనాళ క్యాన్సరు శస్త్రచికిత్స జరిగింది. కొన్ని నెలలు పొట్టపై సంచితో గడిపారు. తరువాత పేగును మళ్లీ కలిపి సంచి తీసేశారు. అందరూ సంతోషించారు. ఏడాది గడిచాక ఆయన నాతో మెల్లగా అన్నారు: "డాక్టరు గారూ, గుంటూరులో అమ్మాయి ఇంటికి వెళ్లాలన్నా బస్సెక్కడానికి భయమండీ."

ఈ భయానికి వైద్య చరిత్రలో చాలాకాలం చోటు దక్కలేదు.

పెద్దపేగును పొట్టపైకి తెరిచి మలాన్ని మళ్లించడమే కొలాస్టమీ. మలద్వారం లేకుండా పుట్టిన శిశువులకు ఈ మార్గం పనికిరావచ్చునని 1710లో ఫ్రెంచి వైద్యుడు లిత్రే సూచించారు. 1793లో బ్రెస్ట్ నగరంలో ద్యూరే అటువంటి శిశువుకే ఈ చికిత్స చేశారు; ఆ బిడ్డ 45 ఏళ్లు బతికాడు. 1921లో పారిస్ సర్జన్ హార్ట్‌మన్ క్యాన్సరు ఉన్న పేగును తొలగించి, కింది కొసను మూసి, పై కొసను పొట్టపైకి తెచ్చే పద్ధతిని వివరించారు. అప్పటి లక్ష్యం ప్రాణం నిలపడమే. 1970ల చివర గుండ్రని స్టేప్లర్లు వ్యాప్తిలోకి వచ్చాక, కటిభాగం లోతున కూడా పేగును తిరిగి కలపడం సులువైంది.

కానీ కొలబద్ద మారలేదు. నా సర్వీసులో నేనూ అతుకు నిలిచిందా, గాయం మానిందా అనే చూశాను. "ఆపుకోగలుగుతున్నారా?" అని అడగలేదు. అది నా లోపమే.

ఆ ప్రశ్నకు 2012లో డెన్మార్క్ వైద్యులు ఒక రూపమిచ్చారు. గాలి ఆగకపోవడం, పలుచని మలం జారడం, రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, గంటలోపే మళ్లీ వెళ్లవలసి రావడం, పరుగెత్తవలసిన తొందర: ఈ 5 ప్రశ్నలకు 0 నుంచి 42 వరకు మార్కులు. 30, ఆపైన వస్తే ఇబ్బంది తీవ్రమని అర్థం.

కారణం సులభంగానే అర్థమవుతుంది. పురీషనాళం మలాన్ని నిలిపి ఉంచే చెరువు. చెరువు చిన్నదైతే తూము గట్టిగా ఉన్నా తరచుగా తెరవక తప్పదు. రేడియేషన్, నరాల దెబ్బ, కండరాల బలహీనత కష్టాన్ని పెంచుతాయి. పురీషనాళం పూర్తిగా మిగిలినవారికి సాధారణంగా ఇంత బాధ ఉండదు.

మొదటి ఏడాదిలో చాలామందికి కొంత మెరుగవుతుంది. ఆహారంలో మార్పులు, కటి కండరాల వ్యాయామాలు, వైద్యుని సలహాపై మందులు, అవసరమైతే నీటితో పేగును శుభ్రపరిచే పద్ధతి ఉన్నాయి. రక్తం పడినా, జ్వరం, తీవ్రమైన నొప్పి వచ్చినా ఆలస్యం చేయవద్దు.

ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. వైద్యుడు అడగకపోతే మీరే చెప్పండి.