ఆజ్ఞాపించే అధికారం: డెహ్రాడూన్ సైనిక అకాడమీ పూర్వచరిత్ర

ఫిలిప్ మేసన్ 1974లో వెలువరించిన ‘ఎ మేటర్ ఆఫ్ ఆనర్’ భారత సైన్యపు అధికారుల, సిపాయిల సుదీర్ఘ చరిత్ర. ఇటువంటి గ్రంథాలు చదివే వైద్యునికి ఒక వింత స్ఫురించక మానదు. సూర్జో కుమార్ గుడీవ్ చక్రవర్తి 1855లోనే పోటీపరీక్షలో నెగ్గి ఈస్టిండియా కంపెనీ వైద్యసేవలో అధికారిగా చేరాడు. పోరాడే దళాలలో భారతీయునికి పూర్తిస్థాయి అధికారి హోదా దక్కడానికి మాత్రం 1917 దాకా ఆగవలసి వచ్చింది. గాయానికి కట్టు కట్టే చేతికి అందిన గౌరవం ఆయుధం పట్టిన చేతికి ఎందుకు అందలేదు?

సిపాయిగా చేరి దశాబ్దాలు సేవచేసిన భారతీయుడు సుబేదారు కాగలిగేవాడు. అయినా నిన్న మొన్న చేరిన ఆంగ్లేయ యువ అధికారికి అతడు లోబడి ఉండవలసిందే. ఆంగ్లేయుడు భారతీయుని ఆజ్ఞకు తలవంచే పరిస్థితి రాకూడదన్నదే అసలు సంగతి. కర్జన్ ప్రభువు 1901లో రాజకుమారుల కోసం నెలకొల్పిన ఇంపీరియల్ కేడెట్ కోర్ కూడా ఈ గీత దాటలేదు. అక్కడ శిక్షణ పొందినవారికి ఇచ్చిన అధికారపత్రం ఆంగ్ల సైనికులపై చెల్లేది కాదు.

మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి సేవచేశారు. ఆ ఋణం తీర్చక తప్పలేదు. 1917 ఆగస్టులో కోర్ సభ్యులు 9 మందికి రాజు పేర అధికారపత్రాలు లభించాయి. మరుసటి ఏడు ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ కళాశాలలో భారతీయులకు సాలీనా 10 స్థానాలు కేటాయించారు. అక్కడికి పంపవలసిన బాలురను తీర్చిదిద్దడానికి 1922లో డెహ్రాడూన్‌లో ఒక పాఠశాల వెలిసింది.

తలుపు తెరిచిన చేయే గడియ కూడా సిద్ధం చేసింది. 1923లో రాలిన్సన్ సేనాని 8 దళాలను మాత్రమే భారతీయ అధికారులకు ప్రత్యేకించాడు. వారంతా అక్కడే ఉంటే ఆంగ్లేయ అధికారి వారి కింద పనిచేసే అవసరమే రాదు.

1925లో ఏర్పడిన స్కీన్ సంఘం ఈ ఏర్పాటును తప్పుపట్టింది. జిన్నాతో పాటు మన దివాన్ బహద్దూర్ మోచర్ల రామచంద్రరావు కూడా అందులో సభ్యులు. 1933 నాటికి స్వదేశంలోనే కళాశాల స్థాపించాలని వారు సిఫారసు చేశారు. ప్రభుత్వం తాత్సారం చేసింది. రౌండ్ టేబుల్ సమావేశాల తరువాతనే కదిలింది. 1932 అక్టోబరు 1న 40 మంది విద్యార్థులతో ఇండియన్ మిలిటరీ అకాడమీ పని మొదలుపెట్టగా, డిసెంబరు 10న ఛెట్‌వుడ్ సేనాని లాంఛనంగా ప్రారంభించాడు. అయితే ఇక్కడ ఉత్తీర్ణులైన వారి అధికారపత్రం శాండ్‌హర్స్ట్ వారి దానితో సమానం కాదు, జీతమూ తక్కువే.

ఆ తొలి జట్టులోని మానెక్‌షా, ముహమ్మద్ మూసా, స్మిత్ డన్ క్రమంగా భారత, పాకిస్తాన్, బర్మా సైన్యాలకు అధిపతులయ్యారు. కనుక కొరవడినది సామర్థ్యం కాదు, అవకాశం. ఆ జాప్యానికి మూల్యం స్వాతంత్ర్యానంతరం తెలిసివచ్చింది. 1947 నాటికి ఉన్నత సేనాధిపత్యంలో అనుభవం గడించిన భారతీయులు బహు కొద్దిమంది. ఇందోరులోని తాత్కాలిక శిక్షణశాల నుండి 1919లో వెలువడిన కరియప్ప భారత సైన్యాధిపత్యం స్వీకరించినది 1949 జనవరి 15న. అంతవరకు, స్వతంత్ర భారతదేశపు సైన్యానికి ఆజ్ఞ ఇచ్చినవాడు ఆంగ్లేయుడే.