ఏటోలాగుంది

శ్రీకాకుళం రోడ్డు స్టేషనంటే ఆమదాలవలసే. ఓ సాయంత్రం అక్కడ మద్రాసు వైపు వెళ్లే బండి కోసం చూస్తున్నాను. పక్కన ఒకావిడ కొడుకుని పనికి సాగనంపుతోంది. "బేగెక్కరా, సీటు దొరకదు" అని నోరు తొందరపెడుతోంది గానీ, చెయ్యి మాత్రం వాడి సంచి పట్టీ వదలడం లేదు. బండి కదిలాక తోడొచ్చిన మనిషితో ఒక్క ముక్క అంది: "ఏటోలాగుందమ్మా."

చదువుకున్నవాళ్లు దీన్నే యాంబివలెన్స్ అంటారు. ఆ మాటకి నూట పదహారేళ్లకు మించి వయసు లేదు. 1910లో స్విట్జర్లాండు మానసిక వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ బెర్న్‌లో చేసిన ప్రసంగంతో అది లోకానికి తెలిసింది. లాటిన్‌లో 'అంబి' అంటే రెండు వైపులా. రెండో సగంలో ఉన్నది బలం. స్కిజోఫ్రీనియా అన్న పేరు పెట్టిందీ ఆయనే, అంతకు రెండేళ్ల ముందు. ఆ జబ్బు లక్షణాల్లో ఒకదానికి పేరు కావలసొచ్చి ఈ మాట కట్టాడు. ఇష్టం, ద్వేషం ఒకే మనిషి మీద ఒకేసారి ఉండటం, కావాలనీ వద్దనీ ఒకేసారి అనిపించడం, ఔననీ కాదనీ ఒకేసారి తోచడం: ఇలా మూడు రకాలు చెప్పాడు. జబ్బు లేనివాళ్లకూ ఇది ఉంటుందని ఒప్పుకున్నాడు. తర్వాత ఫ్రాయిడ్ అందుకోవడంతో మాట ఆసుపత్రి గడప దాటింది.

బ్లాయిలర్‌ది జ్యూరిక్ పక్కన జోలికాన్ అనే పల్లె, రైతు కుటుంబం. బుర్గ్‌హోల్జ్లి మానసిక ఆసుపత్రికి ఆయనకంటే ముందు వచ్చిన జర్మన్ పెద్ద డాక్టర్లకి తమ యాస అర్థం కాదని చుట్టుపక్కల ఊళ్లవాళ్ల గోల. ఈయన రోగులతో వాళ్ల యాసలోనే మాట్లాడేవాడు. నాకైతే వెంటనే మన గిడుగు రామమూర్తి గుర్తొస్తారు. పర్లాకిమిడిలో సవరలతో మాట్లాడటానికి వాళ్ల భాష నేర్చుకుని, చివరికి నిఘంటువే రాశారు.

చిత్రమేమిటంటే, అదే 1910లో, ఫిబ్రవరిలో, విజయనగరం గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' ఆంధ్రభారతిలో అచ్చయింది. సానిపాట విని అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కనపడదు. కోపంతో నౌకరు రాముడి వీపు మీద రెండు గుద్దులు గుద్దుతాడు. వాడు కూలబడగానే తనే లేవనెత్తి, గుద్దిన వీపునే నిమురుతాడు. బ్లాయిలర్ పేరు పెట్టడానికి కొన్ని నెలల ముందే సరుకు ఇక్కడ సిద్ధంగా ఉందన్నమాట.

మరి తెలుగులో దీన్ని ఏమనాలి? 'ద్వైధీభావం' అంటారు కొందరు. కౌటిల్యుడి దగ్గర అది ఒక రాజుతో సంధి, ఇంకొకడితో పోరు నడిపే ఎత్తుగడ. మనసు గొడవకి రాజనీతి ఎరువెందుకు? 'ఊగిసలాట' బాగానే ఉంది గానీ, ఊగేది ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఇక్కడ రెండూ ఒకేసారి, పూర్తి బలంతో లాగుతాయి. 'సందిగ్ధం' అసలే కుదరదు.

ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీది తల్లికి సందేహం ఏమీ లేదు. కొడుకు వెళ్లాలి. వెళ్లకూడదు.