పెట్రోలు ఆదా, ప్రాణాల ఆదా – చరిత్ర చెప్పే ఒకే లెక్క

కారును జాగ్రత్తగా నడపడం వేరు, పొదుపుగా నడపడం వేరు అని మనలో చాలామంది అనుకుంటారు. మొదటిది పోలీసువారి మాట, రెండవది పిసినారి మాట అన్నట్లు ఉంటుంది. కాని గడచిన ఎనభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఈ రెండూ ఒకటేనని తేలుతుంది. పింఛను డబ్బుతో పెట్రోలు పోయించుకొని, మనవలను వెనుక సీటులో కూర్చోబెట్టుకొని కారు నడుపుతున్న మన సభ్యులు గమనిస్తారని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రెండవ ప్రపంచ యుద్ధంలో రబ్బరు తోటలున్న మలయా తదితర ప్రాంతాలు జపాను వశమయ్యాయి. అమెరికాలో టైర్లకు కరువు వచ్చింది. 1942లో అక్కడి ప్రభుత్వం వాహనాల వేగాన్ని గంటకు 35 మైళ్లకు, అంటే సుమారు 56 కిలోమీటర్లకు పరిమితం చేసింది. టైర్లు త్వరగా అరిగిపోకూడదన్నదే ఉద్దేశం. ఆ రోజులలోనే మన దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. మన ప్రాంతాలలో బస్సులకు బొగ్గు పొయ్యి అమర్చి, ఆ గ్యాసుతో నడిపిన సంగతి మా పెద్దలు చెప్పగా విన్నాము.

1973 అక్టోబరులో అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. కొద్ది నెలలలోనే ముడి చమురు ధర సుమారు నాలుగు రెట్లయింది. మన దేశంలోనూ పెట్రోలు ధర పెంచారు. అందుకు నిరసనగా ఆ నవంబరులో జనసంఘ్ నాయకుడు అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లారు. అమెరికా 1974 జనవరిలో వేగాన్ని 55 మైళ్లకు, అంటే 88 కిలోమీటర్లకు కట్టడి చేస్తూ చట్టం చేసింది. ఇదీ చమురు కోసమే. అయితే 1973లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో సుమారు 54 వేల మంది మరణించగా, 1974లో ఆ సంఖ్య సుమారు 45 వేలకు దిగింది. జనం ప్రయాణాలు తగ్గించుకోవడం ఒక కారణమైతే, వేగం తగ్గడం మరొక కారణం. చమురు కోసం చేసిన చట్టం ప్రాణాలనూ నిలిపింది. స్వామికార్యం, స్వకార్యం రెండూ నెరవేరడమంటే ఇదే! 1995లో ఆ చట్టాన్ని ఎత్తివేశారు.

ఇందులో మర్మమేమీ లేదు, హైస్కూలు లెక్కే. వేగం రెట్టింపైతే బండికి గాలి ఎదురొత్తిడి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టిన తరువాత బండి ఆగడానికి పట్టే దూరమూ నాలుగు రెట్లే. 40 నుండి 80కి పోయినవారు పెట్రోలు దగ్గరా, ప్రమాదం దగ్గరా మూల్యం చెల్లించుకోవాలి. పైగా 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చిన గేదెను చూసి మన కాలు బ్రేకు మీదికి చేరేలోగానే అంత దూరం గడచిపోతుంది. మన వయసులో ఆ సెకను మరికొంత సాగుతుందే గాని తగ్గదు.

మన కార్యాలయాల అనుభవమూ ఇదే. జీపుల లాగ్‌బుక్కులు తనిఖీ చేసే పని కొన్నేళ్లు నా సీటుకు ఉండేది. బయలుదేరినప్పటి మీటరు అంకె, తిరిగి వచ్చినప్పటి అంకె, ప్రయాణ కారణం, పోయించిన లీటర్లు, అధికారి సంతకం అన్నీ సరిచూడాలి. అదే జీపు, అదే రోడ్డు అయినా డ్రైవరు మారితే లీటరుకు వచ్చే కిలోమీటర్లు మారేవి. ఎక్కువ కిలోమీటర్లు చూపిన డ్రైవరు బండికి బ్రేకుల బిల్లు, క్లచ్ ప్లేటు బిల్లు కూడా తక్కువగా ఉండేవి. ముందు దూరం చూసి యాక్సిలరేటరు వదిలేవాడికి బ్రేకుతో పని తక్కువ.

1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఇటువంటి అలవాట్లనే దేశమంతటా ప్రచారం చేసింది. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగం, టైర్లలో సరిపడా గాలి, సిగ్నలు దగ్గర ఇంజను ఆపడం వంటివి అందులో ముఖ్యం. గాలి తగ్గిన టైరు పెట్రోలు తింటుంది, వేడెక్కి పేలిపోయే ప్రమాదమూ ఉంది.

అయితే పాత పొదుపులన్నీ పనికిరావు. అంబాసిడరు రోజులలో పల్లంలో న్యూట్రల్ చేసి, కొందరైతే ఇంజనే ఆపి, బండిని జార్చేవారు. అవి కార్బురేటరు బండ్లు. నేటి కార్లలో పెట్రోలు పంపకం కంప్యూటరు చేతిలో ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే, ఇంజను వేగంగా తిరుగుతున్నంతసేపు పెట్రోలు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం కొంత ఖర్చవుతూనే ఉంటుంది. 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగడానికి వాడుతున్నారు. అటువంటి చోట న్యూట్రల్ చేస్తే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు వదులుతాయి. ఇంజను ఆపితే బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి. తక్కువ గేరులో దిగడమే క్షేమం, పొదుపు కూడా.

మన దేశంలో 1914, 1939, 1988 సంవత్సరాలలో మోటారు వాహనాల చట్టాలు వచ్చాయి. అయినా 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం వీటిలో సుమారు 71 శాతం అతివేగం వల్లనే. చట్టం ఎన్నిసార్లు మారినా, యాక్సిలరేటరు మీద ఉన్నది మన కాలే.

కాబట్టి మిత్రులకు ఒక మనవి. మీ కారులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచండి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ట్యాంకు నింపించి తేదీ, మీటరు అంకె, లీటర్లు వ్రాయండి. లీటరుకు వచ్చే కిలోమీటర్లు వరుసగా రెండుసార్లు తగ్గితే ముందు టైర్ల గాలి చూపించండి, తరువాత మెకానిక్కును అడగండి. రెండూ సరిగా ఉంటే మన వేగం పెరిగిందేమో చూసుకోవాలి. ఏటా ఒకసారి కళ్ల పరీక్ష చేయించుకోండి. బెల్టు ముందువారికే కాదు, వెనుక కూర్చున్నవారికి కూడా పెట్టించండి. ఊరు చేరడం పది నిమిషాలు ఆలస్యమైనా మనకు సంతకం పెట్టవలసిన హాజరుపట్టీ ఇప్పుడు లేదు గదా!