పిల్లల ఫొటోలో అమ్మ ఎక్కడ?



ఇవాళ వంటింటి పని ముగిశాక ఒక్కసారి మీ ఇంట్లో పాత ఫొటోల పెట్టె దించి చూడండి. పిల్లల ఫొటోలు ఎన్ని వున్నాయో లెక్కపెట్టండి. మొదటి పుట్టినరోజుకి స్టూడియోలో తీయించినది ఒకటి, పుట్టువెంట్రుకలు తీయించినప్పటిది ఒకటి, బడిలో గ్రూపు ఫొటో ఒకటి వుంటాయి. మూడింట్లోనూ పిల్లవాడు బిగుసుకుపోయి వుంటాడు. ఆ వయసులో వాడు ఎలా అలిగేవాడో, అన్నం తింటూ తింటూ ఎలా నిద్రలోకి జోగేవాడో వాటిలో కనపడదు. ఆ పెట్టెలో కనపడని మనిషి ఇంకొకరు కూడా వున్నారు. ఆవిడ అమ్మ. ఈ రెండు లోట్లూ ఎక్కణ్ణించి వచ్చాయో మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

ఫొటో తీసే విద్యను 1839లో ఫ్రాన్సు దేశంలో లోకానికి వెల్లడించారు. కనిపెట్టినవారిలో డాగెర్ పేరు ప్రసిద్ధం. ఆ తొలి రోజుల్లో మనిషి బొమ్మ పడాలంటే వెలుతురులో చాలాసేపు కదలకుండా కూర్చోవాలి. తల కదలకుండా వెనక ఇనప వూతం పెట్టేవారు. పెద్దవాళ్ళు ఎలాగో ఓర్చుకుంటారు గాని, ఏడాది పిల్ల ఓర్చుకుంటుందా? అంచేత ఇంగ్లండులోను, అమెరికాలోను స్టూడియోవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ మీద నిలువునా దుప్పటి కప్పి, ఒళ్ళో బిడ్డను పెట్టేవారు. చూసేవాళ్ళకి కుర్చీ మీద గుడ్డ పరిచినట్టు వుంటుంది. పరకాయించి చూస్తే గుడ్డ కింద రెండు చేతులు బిడ్డ నడుం పట్టుకుని వుంటాయి. అలాంటి ఫొటోలు ఇప్పటికీ భద్రంగా వున్నాయి. పిల్లల ఫొటోల్లో అమ్మ మరుగున పడడం అప్పుడే మొదలైందన్నమాట.

మన దేశానికి ఈ విద్య తొందరగానే వచ్చింది గాని, మన ఇళ్ళలోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గిపోతుందని మా అమ్మమ్మ నాటి భయం. చంటిపిల్లలకైతే దిష్టి భయం కూడాను. మా అత్తగారిది తాడేపల్లిగూడెం. ఆవిడ నలుగురి బిడ్డల్లో మూడోవాడు రెండేళ్ళవాడై పోయాడు. వాడికి ఫొటో లేదు. కాస్త ఒళ్ళు చేశాక తీయిద్దామని ఆగారట. మా పెద్దబ్బాయి నవ్వినప్పుడల్లా, "అచ్చం వాడేనే అమ్మాయ్" అంటారావిడ. అవునో కాదో చూసుకోవడానికి మాకు ఆధారమేమీ లేదు.

తీరా తీయించినప్పుడు ఎలా తీయించేవాళ్ళం? కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరనాళ్ళకు వెళితే, తోటా మేడా రంగులు వేసిన తెర ముందు నిలబెట్టి తీసేవారు. ఏలూరు స్టూడియోకి వెళితే ముఖానికి పౌడరు దట్టించి, నెగెటివు మీద పెన్సిలుతో దిద్దేవారు. పిల్ల చామనచాయ అయితే, "కాస్త తెల్లగా రావాలండీ" అని మనమే చెప్పేవాళ్ళం. వచ్చిన ఫొటో బాగానే వుండేది గాని, అందులో మన పిల్ల వుండేది కాదు.

ఇహ కెమెరా ఎవరి చేతిలో వుండేదో చూద్దాం. హైదరాబాదులో నిజాంగారి ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపినది ఒక ఇంగ్లీషు దొరసాని. ఆడవాళ్ళు నిర్భయంగా కూర్చుంటే చాలు, తీసేది కూడా ఆడదే. అది గొప్ప మార్పే గాని, సంపన్నుల ఇళ్ళ వరకే. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కి 1863లో కూతురూ అల్లుడూ కెమెరా బహూకరించారు. అప్పటికి ఆవిడకి 48 ఏళ్ళు. బొగ్గుల గది డార్క్‌రూము అయింది, కోళ్ళ గూడు స్టూడియో అయింది. చుట్టుపక్కల పిల్లల్ని, పనిమనుషుల్ని కూర్చోబెట్టి ఆవిడ తీసిన ఫొటోలు ఈనాడు మ్యూజియాల్లో వున్నాయి. కూతురికి పెళ్ళయ్యాక గాని ఆ తల్లి చేతికి కెమెరా రాలేదు చూశారా!

సొంతబిడ్డల్ని ఇంట్లోనే ఏళ్ళ తరబడి ఫొటోలు తీసినవారు మన దేశంలో ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆయన కూతురే. అమృతని, చెల్లెలు ఇందిరని చిన్ననాటి నుంచీ ఆయన తీసిన తెలుపు నలుపు ఫొటోలు వుండబట్టే ఆ కుటుంబం మనకి ఇంత బాగా తెలుస్తోంది. అయితే తీసినది తండ్రి. మన తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరు హోమై వ్యారావాలా తొలినాటి ఫొటోలైతే భర్త పేరుతో అచ్చయ్యేవి.

అమెరికాలో 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా వచ్చింది. మన మధ్యతరగతి ఇళ్ళకి అలాంటి రోజు చాలా ఆలస్యంగా వచ్చింది. ఊటీలో 1960లో ప్రభుత్వం హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ నెలకొల్పింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు గాని, వారి ఇందు ఫిల్ము చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా కూడా అలాంటిదే. ఒక రీలుకి పన్నెండు ఫొటోలు.

మా మేనమామ ఏలూరులో ఉద్యోగం చేస్తూ అలాంటి కెమెరా కొన్నాడు. సంక్రాంతికి కొల్లేటి లంకలో మా అమ్మమ్మగారి ఊరు తెచ్చాడు. పదకొండు ఫొటోలు ఆయనే తీశాడు, అందర్నీ వరసగా నిలబెట్టి. ఒకటి మిగిలితే అమ్మ అడిగి పుచ్చుకుంది. నాకప్పుడు ఐదేళ్ళు. గట్టుకి లాగిన తాటిదోనె అంచు మీద కూర్చుని జామకాయ కొరుకుతున్నాను. అమ్మ నన్ను పిలవలేదు, నవ్వమనలేదు. "ఎండ నీ వీపు వైపు వుండాలి" అని తమ్ముడు చెప్పిన మాట మాత్రం పాటించింది. సాయంత్రం వేళ కావడంతో ఫొటో అడుగున నా కాళ్ళ దాకా అమ్మ నీడ పడింది. మోచేతులు రెండూ పక్కలకి పెట్టి, కొంగు గాలికి ఎగురుతూ. "పాడుచేశావే అక్కా" అని మామయ్య నవ్వాడు.

అమ్మ పోయాక గోడకి పెట్టడానికి ఫొటో కోసం ఇల్లంతా వెతికాం. చివరికి పెళ్ళినాటి గ్రూపు ఫొటోలోంచి పెద్దది చేయించాం. అందులో వున్నది బెదురు చూపుల పెళ్ళికూతురు. నాకు తెలిసిన అమ్మ ఆ నీడలోనే వుంది.

ఆ ఫొటో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తెలుపు నలుపు ఫొటోలో బొమ్మని నిలిపేది వెండి రేణువులు. సరిగా కడిగినదైతే తరాలు నిలుస్తుంది. రంగుల ఫొటోలో మిగిలేది రంగులే, అవి వెలుతురుకి వెలిసిపోతాయి. మా ఇంట్లో 1980ల నాటివి ఎర్రబడిపోయాయి. అయితే కొల్లేటి చెమ్మకి ఏదైనా బూజు పడుతుంది. కనక పొడి కాగితపు కవర్లలో దాచుకోండి.

ఇప్పుడు ఇంటింటా సెల్‌ఫోను వుంది. ఫిల్ము ఖర్చు లేదు, అడగడానికి తమ్ముడు అక్కర్లేదు. పిల్లల ముందు మనం వున్నా లేనట్టే వాళ్ళు ఆడుకుంటారు. ఆ వీలు ఏ స్టూడియోవాడికీ లేదు. కిటికీ పక్కన నీడలో, వాళ్ళతో సమానంగా కింద కూర్చుని, పేరు పెట్టి పిలవకుండా తీయండి. ఒకసారి తెలుపు నలుపులోకి మార్చి చూడండి. చొక్కా రంగులు పక్కకు తప్పుకుని ముఖం కనిపిస్తుంది. వాడు పెద్దయ్యాక సిగ్గుపడే ఫొటో మాత్రం పదిమందికీ పంపకండి.

ఫోను పోతే ఫొటోలూ పోతాయి. అంచేత ఏడాదికి ఒక రీలు అనుకుని పన్నెండు ఏరి కాగితం మీద వేయించండి. వెనక పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ రాయండి. తరవాత ఫోను పిల్లల చేతికిచ్చి, మీరు మీ పనిలో వుండండి. జుట్టు చెదిరి వుందని, పాత చీర అని తప్పించుకోకండి. రేపు వాళ్ళు వెతుక్కునేది ఆ పాత చీరలో వున్న అమ్మనే.