సొర రక్షణ భారం ఎవరి తెప్ప మీద?

1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం ఒకటి అచ్చయింది. విశాఖపట్నం తీరంలో దొరికిన 200 చేపల బొమ్మలు, వర్ణనలు అందులో ఉన్నాయి. రాసినవాడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్. ఇంగ్లీషువాళ్లు మన రక్తపింజరికి పెట్టుకున్న పేరు ఈయనదే. చేపల విషయంలో మాత్రం రస్సెల్ రేవులో జనం పలికిన పేర్లనే తన చెవికి ఆనినట్టు రాసుకున్నాడు. పాల సొర అలాగే పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత ఒక సొర జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కార్కరైనస్ సొర్రా. పుస్తకం రస్సెల్‌దిగా మిగిలింది. చేపను పట్టి, పేరు చెప్పినవాళ్లు 'స్థానికులు'గా మిగిలారు.

రెండు శతాబ్దాల తర్వాత ఆ సొరే లాటిన్ పేరు తగిలించుకుని, చట్టం రూపంలో రేవుకు తిరిగొచ్చింది. 2001 జూలైలో కేంద్రం సొరలు, టేకులు అన్నింటినీ ఒక్క దెబ్బతో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో చేర్చింది. వాటి మీద బతికేవాళ్లను ముందు అడిగింది లేదు. మత్స్యకారులు అభ్యంతరం చెప్పాక, అదే ఏడాది డిసెంబర్‌లో జాబితాను 10 జాతులకు కుదించింది. రంపంలాంటి ముక్కున్న చేపలు, తిమింగల సొర అందులో ఉన్నాయి. సొరకూ టేకుకూ మధ్య రూపంలో ఉండే రింకోబాటస్ జిడ్డెన్సిస్ కూడా ఉంది. అయితే ఆ జాతి హిందూ మహాసముద్రం పడమటి వైపుది. మన వలల్లో పడేవి దాని దగ్గరి బంధువులని వర్గీకరణ శాస్త్రం తర్వాత తేల్చింది. శాస్త్రజ్ఞులే తడబడిన చోట తెప్ప మీది మనిషి చీకట్లో వల లాగుతూ జాతిని గుర్తుపట్టాలట!

గుర్తుపట్టకపోతే ఏమవుతుంది? షెడ్యూల్-1 జంతువు విషయంలో శిక్ష కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు. దగ్గర దొరికితే అక్రమంగా ఉంచుకున్నట్టే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. వల దాని పని అది చేసిందని, తాను కావాలని పట్టలేదని ఒక జాలరి కోర్టులో ఎలా రుజువు చేస్తాడు? 2022 సవరణ షెడ్యూళ్లను తిరగరాసింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ భారం మాత్రం అలాగే ఉంది.

చేపకు రక్షణ అక్కర్లేదని మేము అనడం లేదు. సొరలు, టేకులు, వాటి బంధుజాతుల్లో మూడో వంతుకు పైగా అంతరించే ముప్పులో ఉన్నాయని 2021లో వెలువడిన ప్రపంచవ్యాప్త అంచనా చెబుతోంది. కవళ్లు వేలల్లో గుడ్లు పెడతాయి. సొరల్లో చాలా జాతులు ఆలస్యంగా ఈడుకొచ్చి, నెలల తరబడి కడుపులో మోసి, కొన్ని పిల్లల్నే కంటాయి. ఒకసారి తగ్గితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. తీరానికి దగ్గర్లో వేసే చిన్న వలల్లోనూ పిల్ల సొరలు పడతాయి. ఇది దాచాల్సిన సంగతి కాదు.

కానీ తప్పు ఎవరి ఖాతాలో ఎంత అన్న లెక్క ఉండాలి. సొరను పట్టి, రెక్కలు కోసి, మిగిలిన శరీరాన్ని సముద్రంలో పారేసే పద్ధతి మీద ప్రపంచమంతా కోపంగా ఉంది. మనదేశం 2013లో దాన్ని నిషేధించింది, 2015లో రెక్కల ఎగుమతిని ఆపింది. మన చిన్న పడవల వాళ్లు మాత్రం సొరను మొత్తంగానే ఒడ్డుకు తెస్తారు, ఎందుకంటే ఇక్కడ దాన్ని తింటారు. బాలింతకు పాలు పడతాయని సొరను ఉడికించి, చిదిమి, వెల్లుల్లితో పొడిగా వేయించి పెడతారు. ఎండబెట్టిన ముక్కలు గంపల్లో ఊళ్లకు వెళ్లి, మాంసం కొనలేని ఇళ్లలో కూరవుతాయి. అమ్మేది ఆడవాళ్లు. నిషేధాల చర్చలో వాళ్ల ఊసే రాదు.

మరోవైపు ట్రాలర్ల వల అడుగంటా ఊడ్చుకుపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే కేటాయింపు. ఆ గీత దాటి మర బోట్లు లోపలికి వస్తున్నాయన్నది రేవుల్లో పాత ఫిర్యాదే. ఆ ఒక్క గీతను నిజంగా అమలు చేస్తే తీరంలో పెరిగే పిల్ల సొరలూ, జాలరి వలా రెండూ నిలుస్తాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

గుజరాత్ అనుభవం చూడండి. అక్కడ ఒకప్పుడు నూనె కోసం, మాంసం కోసం తిమింగల సొరను వేటాడేవారు. 2004లో మొదలైన ప్రచారం దాన్ని పుట్టింటికొచ్చే ఆడపిల్లగా చెప్పింది. చేప వలలో పడితే వల కోసి వదిలేయాలి, వలకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. అలా వందల చేపలు ప్రాణాలతో వెళ్లాయి. మన దగ్గర 2021 డిసెంబర్‌లో విశాఖ జిల్లా తంతడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగల సొరను జాలర్లు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి లోతుకు పంపారు. జైలు భయం కన్నా ఇదే బాగా పనిచేసింది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. గుజరాత్ బోట్ల మీద పనిచేసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలసపోయినవాళ్లు ఉన్నారు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో 20 మంది తిరిగొచ్చినప్పుడు గానీ ఆ వలస మన పత్రికలకు ఎక్కలేదు. వలకిచ్చే పరిహారం వల సొంతదారుడిది. నీళ్లలో నిలబడి వల కోసినవాడికి ఆ రోజు వేట పోతుంది, వాటా పోతుంది.

అడవి మీద బతికేవాళ్లకు 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, ఎంత అరకొరగా అమలైనా సరే. సముద్రం మీద బతికే జాలరి, వాడబలిజ, పల్లెకారు, పట్టపు కులాలకు అలాంటిదేమీ లేదు. సముద్ర జలాలను అభయారణ్యంలో కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడాలని వన్యప్రాణి చట్టం 26-ఎ సెక్షనే చెబుతోంది. అదే సూత్రాన్ని చేపల జాబితాకూ వర్తింపజేయమని అడగాలి. రక్షిత జాతుల బొమ్మలు రేవులో పలికే పేర్లతో ప్రతి రేవులోనూ ఉండాలి. బతికున్న చేపను వదిలేసి, ఆ సంగతి చెప్పినవాడి మీద కేసు ఉండకూడదు. పోయిన వేటకు ఇచ్చే సొమ్ములో కూలీకి వాటా రాసి ఉండాలి, చేప అమ్ముకునే ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల లెక్క కూడా తీసుకోవాలి.